ఆవిరి గుట్టు విప్పిన గురువులు

* కొత్త వడ్లకు పాత బియ్యం రుచి... మైసూరు శాస్త్రవేత్తల చలవే
* దాచుకోలేదు, రాసిపెట్టారు... రిటైరైనా చెప్పడం మానలేదు
* ఇక కాగితం మీదకు ఎక్కాల్సింది మన బాయిలర్ మేస్త్రీల అనుభవమే

రాయచూరు: రైస్ మిల్లులో బాయిలర్ మేస్త్రి రిటైరయ్యే రోజున ఏం జరుగుతుంది? ఆఫీసు గది ముందు నాలుగు కుర్చీలు వేస్తారు. శాలువా కప్పుతారు, పూలదండ వేస్తారు. తలకు పేటా చుట్టి ఫొటో దిగుతారు. యజమాని ఓ కవరు చేతిలో పెడతాడు. మిఠాయి తిని, టీ తాగి ఎవరి పనికి వారు వెళ్లిపోతారు. సాయంత్రానికి మేస్త్రి ఇల్లు చేరతాడు. ఆయనతో పాటే ముప్పై ఏళ్ల విద్య కూడా గేటు దాటి వెళ్లిపోతుంది.

ఊక ఎలా మండితే గాలి సరిపోయినట్టు? ఆవిరి తడిగా వస్తోందా, పొడిగా వస్తోందా అన్నది చప్పుడును బట్టి ఎలా పట్టాలి? తొట్టిలో వడ్లు నానాయో లేదో గింజ కొరికి ఎలా చెప్పాలి? ఇవన్నీ ఆయన చేతికి తెలుసు, చెవికి తెలుసు, నాలుకకు తెలుసు. కాగితం మీద మాత్రం ఎక్కడా ఉండవు.

అయితే ఈ విద్యలో ఒక భాగం అలా పోలేదు. తెలిసినవాళ్లు కొందరు దాన్ని లెక్కకట్టి, అక్షరాల్లో పెట్టి, అడిగినవాడికీ అడగనివాడికీ పంచి వెళ్లారు. సింధనూరు, మాన్వి, రాయచూరు మిల్లుల నుంచి లారీలకెక్కే ప్రతి బియ్యం బస్తాలో వాళ్ల పాలు ఉంది. వాళ్ల పేర్లు మాత్రం మన మిల్లు గోడల మీద కనిపించవు. ఒక్కసారైనా వాళ్లకు థ్యాంక్స్ చెప్పుకోవాల్సిన బాకీ ఈ జిల్లాకు ఉంది.

కాలువ తెచ్చిన మిల్లులు

కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ ఉన్న నేల ఇది. 1956 నవంబరు 1 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండి, ఆ రోజున మైసూరు రాష్ట్రంలో కలిసింది. జొన్న, పత్తి పండే నల్లరేగడికి 1953 నుంచి తుంగభద్ర నీళ్లు రావడం మొదలైంది. ఎడమ కాలువ వెంట గంగావతి, సింధనూరు, మాన్వి వైపు వరి పాకింది. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన తెలుగు రైతులు ఇక్కడ పొలాలు కొన్నారు, కాలువ గట్ల వెంట క్యాంపులు కట్టుకున్నారు. వరి వెనకాలే మిల్లులొచ్చాయి. మిల్లుల వెనకాలే బాయిలర్లొచ్చాయి.

బియ్యానికి బాయిలర్ ఎందుకని కొత్తవాళ్లు అడుగుతుంటారు. మిల్లుల్లో బియ్యం మూడు రకాలు. వడ్లను ఎండబెట్టి నేరుగా ఆడిస్తే పచ్చి బియ్యం, మిల్లు భాషలో రా రైస్. నానబెట్టి, ఆవిరితో ఉడికించి, ఆరబెట్టి ఆడిస్తే ఉప్పుడు బియ్యం, అంటే బాయిల్డ్ రైస్. ఈ రెండింటికీ మధ్యస్థంగా కాసేపు ఆవిరి మాత్రం పట్టించి ఆరబెడితే స్టీమ్ రైస్. దుకాణాల్లో ‘స్టీమ్ సోనా మసూరి’ అని అమ్మేది ఇదే.

మూడింటిలో రెండు రకాలు ఆవిరి మీదే నడుస్తాయి. అందుకే పెద్ద మిల్లుకు బాయిలర్ గుండెకాయ. పైగా దానికి కావాల్సిన వంటచెరకు వడ్ల ఒంటి మీదే ఉంది. క్వింటా వడ్లు ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక వస్తుంది. అదే ఊకను మండించి, ఆ వడ్లనే ఉడికిస్తారు. ఊక కాలాక మిగిలే బూడిద ఐదో వంతుకు కాస్త అటూఇటూ ఉంటుంది. అందులో అధిక భాగం సిలికానే, అంటే ఇసుకలో ఉండే పదార్థమే.

మూడు రోజుల కంపు

ఉప్పుడు బియ్యం మన దేశంలో కొత్తది కాదు. కుండల్లో, గంగాళాల్లో నానబెట్టి ఉడికించడం తరతరాలుగా ఉన్నదే. తొలినాటి మిల్లులు కూడా అదే పద్ధతిని పెద్ద తొట్లలోకి మార్చాయి. చల్లటి నీళ్లలో వడ్లు పోసి ఒకటి నుంచి మూడు రోజుల దాకా వదిలేసేవారు. ఈలోగా తొట్టి పులిసేది. నీళ్లు నురగ కట్టేవి. బియ్యం వండినా ఆ వాసన పోయేది కాదు. రంగు కూడా మారేది. పక్క వీధి వాళ్లు ముక్కు మూసుకునేవారు. “ఉప్పుడు బియ్యమా? అబ్బే, కంపు!” అని తెలుగు ఇళ్లలో మొహం చిట్లించడానికి సగం కారణం ఈ పులుపే.

నిజానికి ఉప్పుడు బియ్యం వద్దనుకున్నందుకు తెలుగు జిల్లాలు ఒకప్పుడు మూల్యం చెల్లించాయి. బ్రిటిష్ కాలంలో బెరిబెరి జబ్బు ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే నేటి కోస్తా ఆంధ్రలో ఎక్కువగా కనిపించేది. అక్కడ మిల్లులో పాలిష్ పట్టిన పచ్చి బియ్యం తినేవారు. ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాల్లో ఆ జబ్బు అంతగా లేదు. కారణం బీ1 విటమిన్. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టిస్తే పై పొరల్లోని విటమిన్ కొంత గింజ లోపలికి ఇంకుతుంది. తర్వాత పాలిష్ పట్టినా అంతా తవుడులోకి పోదు. కాళ్ల తిమ్మిర్లు, వాపులు, గుండె బలహీనత తెచ్చే జబ్బుకు మందు తొట్టిలో, ఆవిరిలో ఉందన్నమాట.

మేలు తెలిసింది. కంపు మాత్రం అలాగే ఉంది. ఆ ముడి విప్పింది మైసూరు.

మైసూరు నుంచి వచ్చిన కబురు

కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ 1950లో మైసూరులో మొదలైంది. అందరూ సీఎఫ్‌టీఆర్‌ఐ అంటారు. దాని తొలి డైరెక్టర్ వి.సుబ్రహ్మణ్యన్. ఆయన, హెచ్.ఎస్.ఆర్.దేశికాచార్, డి.ఎస్.భాటియా కలిసి మిల్లుల ఉప్పుడు పద్ధతులను పరిశీలించి 1955లో ఓ వ్యాసం అచ్చువేశారు. మిల్లుల్లో పద్ధతులు ఎలా ఉన్నాయి, బియ్యం నాణ్యత ఎలా పెంచాలి అన్నదే అందులో విషయం.

సీఎఫ్‌టీఆర్‌ఐ పద్ధతిగా పేరుపడిన విధానం వింటే ‘ఇంతేనా’ అనిపిస్తుంది. తొట్టిలో నీళ్లను ముందు 85 డిగ్రీల దాకా కాచాలి. అందులో వడ్లు పోయాలి. వడ్లు చల్లగా ఉంటాయి కాబట్టి మొత్తం కలిసి 70 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. ఆ వేడిలో మూడు, మూడున్నర గంటలు నాననివ్వాలి. నీళ్లు వదిలేసి ఆవిరి పట్టించాలి. పొట్టు పగలడం కనిపిస్తే ఆవిరి కట్టేయాలి. అంతే!

మూడు రోజుల పని మూడున్నర గంటలకు దిగింది. 70 డిగ్రీల వేడిలో పులియబెట్టే సూక్ష్మజీవులు బతకలేవు కనుక కంపు పోయింది. ‘వేడి మంచిదైతే ఇంకా ఎక్కువ పెడదాం’ అనుకుంటే మాత్రం మొదటికే మోసం. నానేటప్పుడే వేడి మితిమీరితే గింజ నీళ్లు తాగి ఉబ్బుతుంది, పొట్టు చీలుతుంది, లోపలి పిండి నీళ్లలోకి కారిపోతుంది. నానడానికి ఒక వేడి, ఉడకడానికి ఒక వేడి. ఈ రెండింటినీ విడదీసి చెప్పడమే అసలు పాఠం.

తెలుగు ఇళ్లకు మరింత దగ్గరైన పాఠం ఇంకొకటుంది. కొత్త బియ్యం వండితే ముద్దవుతుంది. పాత బియ్యం పొడిపొడిగా వస్తుంది. అందుకే మనవాళ్లు ఏడాది పాత బియ్యం కోసం వెతుకుతారు. నిల్వ ఉంచాలంటే గోదాము కావాలి, పెట్టుబడి కావాలి, పురుగు పడకుండా చూడాలి. కొత్త వడ్లకు కొద్దిసేపు తడి ఆవిరి పట్టిస్తే పాత బియ్యం గుణం వస్తుందని దేశికాచార్, సుబ్రహ్మణ్యన్ 1950ల్లోనే పరిశోధించి రాశారు. ఇవాళ బెంగళూరు, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ‘పొడిపొడిగా అవుతుంది, స్టీమ్ రైసే తెండి’ అనే మాట వెనుక ఉన్నది ఆ పాఠమే.

పదహారు దగ్గర ఆగు!

ఉడికించడం సగం పని. ఆరబెట్టడం మిగతా సగం. అసలు డబ్బు పోయేదీ, మిగిలేదీ ఇక్కడే.

ఆవిరి నుంచి దిగిన వడ్లలో మూడో వంతు దాకా తేమ ఉంటుంది. ఆడించాలంటే 14 శాతానికి తేవాలి. కల్లంలో పోసి ఎండబెట్టినా, డ్రయ్యర్‌లో వేడి గాలి కొట్టినా మిల్లుల్ని వేధించే సమస్య ఒకటే. బంగారంలా ఉడికిన వడ్లు మిల్లులో పడగానే నూకలయ్యేవి. తప్పు షెల్లర్‌దని కొందరు, వడ్లదని కొందరు, డ్రయ్యర్ మనిషిదని కొందరు వాదించుకునేవారు.

సీఎఫ్‌టీఆర్‌ఐలోనే పనిచేసిన కె.ఆర్.భట్టాచార్య ఈ వాదన తెంచారు. 1966లో పి.వి.సుబ్బారావుతో కలిసి ఉప్పుడు విధానంలో ఏ దశలో ఏం చేస్తే బియ్యం ఎంత నిలుస్తుందో రెండు వ్యాసాలుగా రాశారు. 1967లో వై.ఎం.ఇందూధరస్వామితో కలిసి ఆరబెట్టడం మీద రాశారు. అందులో తేలిన విషయం ఇదీ: తేమ దాదాపు 16 శాతానికి దిగే వరకు ఎంత చురుగ్గా ఆరబెట్టినా గింజకు పెద్దగా ముప్పు లేదు. అక్కడి నుంచి కిందికి ఒకే ఊపులో ఆరబెడితే మాత్రం లోపల పగుళ్లు పుడతాయి.

ఎందుకంటే గింజ పైపొర ఎండిపోతుంది, లోపల తడి అలాగే ఉంటుంది. పైపొర బిగుసుకుంటుంది, లోపలిది ఒప్పుకోదు. ఆ లాగుడులో గింజ చీలుతుంది. కంటికి కనిపించని ఆ చీలిక మిల్లులో నూకగా బయటపడుతుంది. విరుగుడు కూడా వాళ్లే చెప్పారు. 16 దగ్గర డ్రయ్యర్ ఆపు. వడ్లను కుప్పగా పోసి కొన్ని గంటలు ఊరుకో. లోపలి తడి పైకి వచ్చి గింజంతా సమానమవుతుంది. అప్పుడు మళ్లీ ఆరబెట్టి 14కు దింపు.

కొత్త మిషను కొనక్కర్లేదు. రూపాయి ఖర్చు లేదు. కొంచెం ఓపిక చాలు! రెండు విడతల ఆరబెట్టడం అన్న మాట మిల్లుల్లో ఇవాళ మామూలైపోయింది. అది ఎవరి మాటో అడిగేవారు లేరు.

ఈ ఒక్క శాతం, రెండు శాతం విలువేమిటో మిల్లరును అడిగితే తెలుస్తుంది. ప్రభుత్వానికి బియ్యం అప్పగించే లెక్కలో క్వింటా వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ఇవ్వాలన్నది నిబంధన. 2021-22లో సరిహద్దు అవతల తెలంగాణలో రేగిన యాసంగి వడ్ల గొడవకు మూలం కూడా ఇదే. ఎండాకాలంలో కోసిన వడ్లు పొలంలోనే పగుళ్లిస్తాయి. పచ్చిగా ఆడిస్తే నూకలవుతాయి. ఉప్పుడు చేస్తే ఆవిరికి పిండి మెత్తబడి పగుళ్లు అతుక్కుంటాయి, బియ్యం నిలుస్తుంది. బాయిల్డ్ రైస్ తీసుకోబోమని కేంద్రం, తీసుకోవాల్సిందేనని రాష్ట్రం పట్టుబట్టాయి. ఆ రాజకీయం సంగతెలా ఉన్నా, గింజ ఎందుకు పగులుతుంది, ఎలా అతుకుతుంది అన్న శాస్త్రం దశాబ్దాల ముందే రాసి ఉంది.

రిటైరైనా కలం దించలేదు

వీళ్లు పరిశోధన చేశారు సరే, అది వాళ్ల ఉద్యోగం కదా అనేవారూ ఉంటారు. ఉద్యోగం అయిపోయాక ఏం చేశారన్నదే చూడాల్సింది.

సీఎఫ్‌టీఆర్‌ఐ డైరెక్టర్ పదవి నుంచి తప్పుకున్న తర్వాత సుబ్రహ్మణ్యన్ తంజావూరు సీమకు వెళ్లారు. వడ్లు రాశులు పోసే చోటే, మిల్లుల పక్కనే పరిశోధన ఉండాలని అక్కడ వరి ప్రాసెసింగ్ పరిశోధన కేంద్రానికి పునాది వేశారు. అదే ఎదిగి ఇవాళ తంజావూరులో నిఫ్టెమ్ పేరుతో జాతీయ స్థాయి విద్యాసంస్థగా నిలిచింది. 1979లో ఆయన కన్నుమూశారు.

భట్టాచార్య పదవీ విరమణ తర్వాత కూడా బియ్యాన్ని వదల్లేదు. ఏళ్ల తరబడి చూసిందంతా కూర్చి 2011లో బియ్యం నాణ్యతపై పెద్ద గ్రంథం తెచ్చారు. 2015లో సహచరుడు ఎస్.జకీయుద్దీన్ అలీతో కలిసి వరిగింజ సాంకేతికతపై పరిచయ గ్రంథం రాశారు. ఈ రంగంలోకి కొత్తగా అడుగుపెట్టేవాడికి అది తొలి మెట్టు.

ఇంటిగుట్టు, మిల్లుగుట్టు బయటపెట్టకూడదన్నది మన వ్యాపారంలో పాత నీతి. వీళ్లు దాన్ని తలకిందులు చేశారు. గుట్టు బయటపెట్టినందువల్లే మైసూరులో తేలిన లెక్క మాన్వి దాకా చేరింది.

అమెరికాలో ఆవిరి మాస్టారు

చెప్పకుండా పోతే ఏమవుతుందో తెలియాలంటే సముద్రాలు దాటి చూడాలి. వేడి విద్య నిజంగానే చచ్చిపోయి, మళ్లీ బతికిన దేశం అమెరికా.

అక్కడి ఉత్తరాది ఊళ్లలో చలికాలం మంచు కురుస్తుంది. ఇళ్లు వెచ్చగా ఉండాలి. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో కట్టిన భవనాల నేలమాళిగల్లో బాయిలర్ పెట్టి, గొట్టాల ద్వారా గదిగదికీ ఆవిరి పంపేవారు. గదిలో ఇనుప రేడియేటర్ వేడెక్కేది. 1931లో పూర్తయిన న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం 102 అంతస్తుల ఎత్తు. అంత ఎత్తుకూ ఆవిరిని దాదాపు రెండు పౌండ్ల ఒత్తిడితోనే ఎక్కించారు. మన మిల్లు బాయిలర్లు మామూలుగా వంద పౌండ్ల ప్రాంతంలో నడుస్తాయి. దాంతో పోలిస్తే అది ఊదినంత!

కాలం మారింది. వేడినీళ్లు, వేడిగాలి పద్ధతులు వచ్చాయి. ఆవిరి పని తెలిసిన మేస్త్రీలు ఒక్కొక్కరే పోయారు. భవనాలు మాత్రం మిగిలాయి. రేడియేటర్లు రాత్రిళ్లు సుత్తితో కొట్టినట్టు మోగేవి. ఒక గది కాలిపోయేది, ఇంకో గది గడ్డకట్టేది. కొత్త మెకానిక్‌లకు తెలిసిన మందు ఒకటే, ఒత్తిడి పెంచడం. దాంతో రోగం ముదిరేది.

డాన్ హోలహన్ అనే ఆయన 1970లో న్యూయార్క్ ప్రాంతంలో హీటింగ్ సామగ్రి అమ్మే సంస్థలో ఉద్యోగానికి చేరారు. ఈ చప్పుళ్లు ఎందుకొస్తున్నాయో చెప్పేవారు దొరకలేదు. పాత పుస్తకాలు వెతికారు. బతికున్న ముసలి మేస్త్రీల దగ్గర కూర్చుని అడిగారు. నేలమాళిగల్లోకి దిగి చూశారు. తెలిసినదంతా 1992లో ఒక పుస్తకంగా అచ్చువేశారు. మరుగున పడిన ఆవిరి విద్య అన్నదే దాని పేరులోని భావం. వృత్తి పత్రికల్లో ఏళ్ల తరబడి శీర్షికలు రాశారు. ఊరూరా తిరిగి మెకానిక్‌లకు పాఠాలు చెప్పారు. లెక్కల పుస్తకంలా కాకుండా ఇంటి కబుర్లలా చెప్పడం ఆయన ప్రత్యేకత.

అక్కడి పాత ఇళ్లలో రేడియేటర్లు గదికి సరిపోయేదాని కంటే పెద్దవిగా ఎందుకున్నాయో ఆయన చెప్పే తీరు వినదగ్గది. 1918 ఇన్‌ఫ్లూయెంజా రోజుల్లో గాలి ఆడాలని చలికాలంలోనూ కిటికీలు తెరిచి ఉంచమన్నారు. కిటికీ తెరిచినా గది వెచ్చగా ఉండాలన్న లెక్కతో హీటింగ్ అమర్చారు. ఆ సంగతి మరిచిపోయిన మనవలు ఇప్పుడు ఇల్లు ఉడికిపోతోందని తిట్టుకుంటున్నారు. విద్య పోతే మిగిలేది తిట్లే!

హోలహన్ ఇప్పుడు రిటైరయ్యారు. ఆయన మొదలుపెట్టిన పనిని కూతురు అందుకున్నారు. పైపులు బిగించే వృత్తిలో ఉన్నవారు ఒక రచయితను మాస్టారుగా తలుచుకోవడం అరుదైన సంగతి. ఆయన కనిపెట్టింది ఏమీ లేదు. పోగొట్టుకున్నదాన్ని వెతికి, నలుగురికీ అర్థమయ్యే మాటల్లో చేతికిచ్చారు. అంతకన్నా పెద్ద ఉపకారం ఏముంటుంది?

మన దగ్గర రాయనిది ఎంత?

మళ్లీ మన మిల్లు గేటు దగ్గరకు వద్దాం. వడ్లు ఎంత వేడిలో నానాలో మైసూరు చెప్పింది. మరి ఆ వేడి పుట్టించే బాయిలర్ పక్కన ఎనిమిది గంటలు నిలబడే మనిషికి ఎవరు చెబుతున్నారు? ముందు మేస్త్రి చెప్పాలి. ఆయన చెప్పినంతే వీడికి అబ్బుతుంది.

“గేజీ తర్వాత చూద్దువు గానీ, ముందు గ్లాసు చూడు తమ్ముడూ.” కొత్తగా చేరిన కుర్రాడికి పడే మొదటి పాఠం ఇలాగే ఉంటుంది. గేజీ చెప్పేది ఒత్తిడి. గ్లాసు చెప్పేది నీటిమట్టం. ఒత్తిడి తగ్గితే పని ఆగుతుంది. నీళ్లు తగ్గితే ప్రాణం పోతుంది. నీళ్లు లేక ఎర్రగా కాలిన గొట్టాల మీద కంగారులో చల్లటి నీళ్లు వదిలితే క్షణంలో ఆవిరై పేలుతుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 1,600 లీటర్ల చోటు అడుగుతుంది. ఆ చోటు ఇనుప డొక్కలో ఉండదు.

రెండో పాఠం ఊకది. 30 డిగ్రీల నీటిని కిలో తీసుకుని మరిగే దాకా తేవడానికి 70 కిలో కేలరీలు చాలు. ఆ మరిగిన నీటిని ఆవిరి చేయడానికి మాత్రం ఇంకో 540 కావాలి. అసలు ఖర్చంతా అక్కడే. వాల్వ్ సందులోంచి ‘సుయ్’మని కారే ఆవిరి, మట్టి పాలయ్యే వేడినీళ్లు, గుడ్డ చుట్టని గొట్టం... ఇవన్నీ కాలిపోయిన ఊకే. తెలిసిన మేస్త్రి ఉన్న మిల్లులో ఊక మిగులుతుంది, అమ్ముకుంటారు. తెలియని చోట బయటి నుంచి కొనుక్కుంటారు.

మూడో పాఠం నీళ్లది. బోరునీళ్లలో సున్నం ఎక్కువైతే గొట్టాల లోపల పొర కడుతుంది. ఇంట్లో వేడినీళ్ల గంగాళం అడుగున కట్టే తెల్లపొర లాంటిదే. వేడి నీటికి చేరదు, గొట్టం కాలిపోతుంది. సాఫ్ట్‌నర్ పెట్టి, రోజూ బ్లోడౌన్ వదిలి, అడ్డీ బయటికి పంపాలి. ‘వేడినీళ్లు ఎందుకు వృథా’ అని బ్లోడౌన్ మానేసే పొదుపు ఏడాది తిరిగేసరికి గొట్టాల ఖర్చుగా తేలుతుంది.

చట్టం లేక కాదు. 1863లో కలకత్తాలో బాయిలర్ పేలి ప్రాణాలు పోయాక 1864లో బెంగాల్లో తొలి తనిఖీ చట్టం వచ్చింది. 1923లో దేశమంతటికీ బాయిలర్ల చట్టం చేశారు. దాని స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. బాయిలర్‌కు తనిఖీ సర్టిఫికెట్ ఉండాలి, నడిపే మనిషికి అర్హత సర్టిఫికెట్ ఉండాలి. కర్ణాటకలో కర్మాగారాలు, బాయిలర్ల శాఖ దీన్ని చూస్తుంది. అయితే సర్టిఫికెట్ గోడ మీద వేలాడుతుంది. రాత్రి రెండు గంటలకు గ్లాసులో నీళ్లు కనిపించనప్పుడు చేయి ఎటు పోవాలో మనిషి బుర్రలో ఉండాలి. అది నేర్పేది మనిషే.

మూడు భాషల మిల్లు... ఒక్క పుస్తకమైనా లేదా?

మిల్లు ఆవరణలో ఇవాళ వినిపించేవి మూడు భాషలు. క్యాంపుల తెలుగు, ఊరి కన్నడ, ఉత్తరాది నుంచి వచ్చిన కూలీల హిందీ. మైసూరు శాస్త్రవేత్తల వ్యాసాలు, పుస్తకాలు ఇంగ్లిషులో ఉన్నాయి. ఫైరింగ్ దగ్గర నిలబడ్డ కుర్రాడికి అవి అందవు. మేస్త్రికి తెలిసినదేమో ఏ భాషలోనూ రాసి లేదు. ఈ రెండింటి మధ్య వంతెన వేయడమే మిగిలిన పని.

చేయగలిగినవారు జిల్లాలోనే ఉన్నారు. 2009లో ఏర్పడిన వ్యవసాయ విజ్ఞానాల విశ్వవిద్యాలయం రాయచూరులోనే ఉంది. దాని కింద వ్యవసాయ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. శక్తినగర్ థర్మల్ కేంద్రంలో 1985 నుంచి కరెంటు పుడుతోంది. 210 మెగావాట్ల యూనిట్‌కు ఆవిరి ఇచ్చే బాయిలర్లు దగ్గరుండి చూసి రిటైరైనవారు ఈ ఊళ్లలోనే స్థిరపడ్డారు. మిల్లర్ల సంఘాలున్నాయి, ఐటీఐలున్నాయి. చేతిలో సెల్‌ఫోన్ ఉంది. మేస్త్రి పక్కన కూర్చుని ‘పెద్దాయనా, ఇది ఎందుకిలా చేస్తావ్?’ అని అడిగి రికార్డు చేస్తే చాలు. రాయడం తర్వాత సంగతి.

మిల్లులో బాయిలర్ మేస్త్రి రిటైరయ్యే రోజున ఇకపై శాలువా, పేటాతో పాటు ఇంకో పని కూడా పెట్టుకోవచ్చు. టీ గ్లాసులు తీసేయకముందే ఆయన ముందు ఓ నోటుపుస్తకం పెట్టి, కొత్త కుర్రాళ్లను చుట్టూ కూర్చోబెట్టి, ఆయన నోటి వెంట వచ్చింది రాసుకోవాలి. మైసూరు గురువులు చేసిందీ, న్యూయార్క్ మాస్టారు చేసిందీ ఇదే. వాళ్లకు చెప్పే థ్యాంక్స్ కూడా ఇదే.

------------------
బాయిలర్ దగ్గర మరవకూడనివి

* షిఫ్టు ఎక్కగానే గేజ్ గ్లాసు కాక్‌లు తిప్పి, కనిపించే నీటిమట్టం నిజమో కాదో తేల్చుకోవాలి. గొట్టం మూసుకుపోతే గ్లాసు అబద్ధం చెబుతుంది.
* గ్లాసులో నీళ్లు పూర్తిగా కనిపించకపోతే పంపు వేయకూడదు. ఊక, గాలి ఆపి, నిప్పు చల్లార్చి, పైవారికి చెప్పాలి.
* సేఫ్టీ వాల్వ్ కారుతోందని బరువు పెట్టడం, కట్టేయడం ప్రాణాలతో చెలగాటం.
* సాఫ్ట్‌నర్ నీళ్లే వాడాలి. బ్లోడౌన్ ఏ రోజూ మానకూడదు.
* తనిఖీ గడువు దాటిన బాయిలర్‌లో నిప్పు వేయకూడదు.
* ఆవిరి వడ్లను 16 శాతం తేమ దగ్గర ఆపి, కుప్పలో విశ్రాంతి ఇచ్చి, తర్వాతే 14కు దించాలి.